కూల్చలేదు, దించాను

"ఎన్ని విమానాలు కూల్చారో అంకె చెప్పండి పెద్దాయనా," అని సన్మాన సంఘం అధ్యక్షుడు మూడోసారి అడిగాడు.

సన్మానం రేపే. బోర్డు మీద "విమానాలు కూల్చిన వీరుడు" అని రాసేసి, ముందు అంకె కోసం జాగా వదిలి, పెయింటరు కుంచె పట్టుకుని కూర్చున్నాడు.

"కూల్చలేదండీ, దించాను," అన్నాడు ముసలి పైలట్. "ఒక్కటే. అదీ మనదే."

అధ్యక్షుడు నీరుగారిపోయాడు. "దించడానికేముందండీ? ఆటోవాడూ దించుతాడు. మూడు కూల్చారని రాద్దాం. ఎవడొచ్చి లెక్కపెడతాడు?"

"రెక్క అంటుకుందండీ," అన్నాడు పైలట్, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "పారాచూట్‌తో దూకేద్దామంటే వెనక తుపాకీ పట్టినవాడికి కాలు విరిగింది. వాణ్ణి వదిలి ఎలా దూకను? అందుకని దించాను."

"ఎవరాయన?" అన్నాడు పెయింటరు.

పైలట్ అధ్యక్షుడి వంక చూశాడు. "మీ నాన్న చెప్పలేదా?"

"మా నాన్న యుద్ధంలో గుమాస్తా కదండీ. ఆ కాలు సైకిలు మీంచి పడి విరిగింది."

"ఇంకా ఆ సైకిలే చెప్పాడా," పైలట్ నవ్వాడు. "నిజం తెలిస్తే మీ అమ్మ పెళ్లికి భయపడుతుందని అలా చెప్పమన్నాం."

అధ్యక్షుడు స్టూలు మీద కూలబడ్డాడు. ఆ పెళ్లయిన రెండేళ్లకు పుట్టినవాడు తనే.

"మూడే వెయ్యనా సార్?" అన్నాడు పెయింటరు.

"ఒకటి వెయ్యి. 'విమానాలు కూల్చిన' చెరిపేసి 'విమానం దించిన' అని రాయి."

"ఆ 'వీరుడు' కూడా చెరిపేస్తే జాగా కలిసొస్తుంది కదండీ," అన్నాడు పైలట్.

"అది ఉంటుంది," అన్నాడు అధ్యక్షుడు. "నువ్వు ఊరుకో బాబాయ్."