జిమ్మీ పథ్యం

జిమ్మీ కక్కితే లాల్‌సింగ్ జైల్లోనే ఉండిపోతాడు.

రూప్లికి ఆరు నెలలుగా పడుకున్నా లేచినా అదే భయం. లాల్‌సింగ్ ఆమె మొగుడు. జిమ్మీ బసవపున్నయ్య కుక్క. ఆ రెండింటికీ లంకె పెట్టినవాడు బసవపున్నయ్యే.

తండావాళ్ల ఎనిమిదెకరాల చెలక ఆయన మామిడితోటలో కలిసిపోయింది. అడగబోయిన లాల్‌సింగ్ కంచె నరికాడని, కాపలావాణ్ణి కొట్టాడని కేసు పడింది. ఖమ్మం జైల్లో పెట్టారు. రూప్లి వెళ్లి కాళ్ల మీద పడితే బసవపున్నయ్య ఆమెను ఎగాదిగా చూసి, చాలాసేపు ఆలోచించాడు.

"నా కుక్కది పసిపిల్లల పొట్ట. ఏం పెట్టినా కక్కుద్ది. ఆర్నెల్లు దానికి నువ్వు వండిపెట్టు. ఒక్కసారి కూడా కక్కగూడదు. అప్పుడు కేసు రాజీ చేసుకుంటా" అన్నాడు.

కుక్కకు వండటం ఎంత పని అనుకుంది రూప్లి. దిగాక గానీ లోతు తెలియలేదు.

జిమ్మీకి ఉల్లిపాయ పడదు. కారం పడదు. నూనె చుక్క తగిలినా వరండా అంతా కక్కి పెడుతుంది. అశ్వారావుపేట పశువుల డాక్టరు పథ్యం చెప్పాడు. మెత్తగా ఉడికిన పాతబియ్యం, చర్మం ఒలిచిన కోడి, లేత సొరకాయ, అంతే. అంతా ఒకే గిన్నెలో ఉడకాలి.

దొడ్లో మరో నాలుగు నాటుకుక్కలున్నాయి. చెప్పులు నమిలి కూడా అరిగించుకునే జాతి. వాటిని కాదని ఈ పేగుల్లేనిదాన్ని నెత్తిన పెట్టుకోవడమేమిటో రూప్లికి అంతుబట్టలేదు. ఉన్నోళ్ల ముద్దులు ఉన్నోళ్లవి అనుకుని ఊరుకుంది.

ఆ ఇంటి కట్టుబాట్లూ అలాగే ఉండేవి. పొద్దున్నే గేటు దగ్గర కొంగు దులిపి చూపించాలి. ఆకువక్క సంచీ అక్కడే వదిలెయ్యాలి. లోపలికి రాగానే వెనక గేటుకు తాళం పడేది. వెనక వరండాలో గుమాస్తా చెంచురామయ్య కళ్లెదుటే వండాలి. జిమ్మీ తిన్నాక అరగంటసేపు దాని పక్కనే కూర్చోవాలి. కక్కలేదని తేలితే, గిన్నెలో మిగిలింది సాయంత్రానికంటూ చెంచురామయ్య లోపలికి తీసుకుపోయేవాడు. ఆ తర్వాతే తాళం తీసేవారు.

మొదటి రోజు ఉడికిందో లేదోనని మెతుకు నోట్లో వేసుకోబోతే చెంచురామయ్య కసిరాడు.

"ఎంగిలి చేస్తావేంటే?"

"కుక్క కూటికి ఎంగిలేంది అయ్యా?"

"చెప్పింది చెయ్యి. నీకంటే ముందు వండిన గోపాలు కూడా ఇట్లాగే అడ్డప్రశ్నలు వేసేవాడు."

గోపాలు సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఈ చప్పిడి కూడు ఎలా తింటుందిలే పాపం అని, ఒకరోజు జాలిపడి కాస్త ఆవకాయ నూనె కలిపాడు. జిమ్మీ కక్కింది. సాయంత్రానికల్లా జీపు వచ్చి గోపాలును ఎక్కించుకుపోయింది. కుక్క కక్కిందని మనిషిని ఠాణాకు పంపిన ఇల్లది. మానేస్తే మొగుడు రాడు. ఉంటే తన వంతు ఏ రోజో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇవాళ్టితో ఆరు నెలలు నిండుతాయి.

చెంచురామయ్య పెళ్లికని సత్తుపల్లి వెళ్లాడు. కిటికీ ఊచల వెనక ఇవాళ బసవపున్నయ్యే కాపలా కూర్చున్నాడు. జిమ్మీ తన పళ్లెం నాకేసి నాలుగడుగులు వేసింది. ఆగింది. వరండా కింద గరిక కొరకడం మొదలుపెట్టింది.

కడుపులో తిప్పితే తప్ప కుక్క గడ్డి ముట్టదు. కోడి పొద్దున కోసిందే. సొరకాయ గోరు గుచ్చి చూసి తెచ్చిందే. ఎక్కడ తప్పిందో రూప్లికి తెలియలేదు. జిమ్మీ డొక్కలు ఎగిరిపడ్డాయి. మెడ ముందుకు సాచింది.

రూప్లి దాని పక్కన చతికిలబడి పొట్ట నిమిరింది. మూతి గట్టిగా పట్టి మూసెయ్యాలనిపించింది. చెయ్యి సగం దాకా పోయింది కూడా. కిటికీలోంచి రెండు కళ్లు ఆ చెయ్యినే చూస్తున్నాయి.

"బాంచెన్ జిమ్మీ, ఇయ్యాల ఒక్కరోజు ఆపుకో" అంది దాని చెవిలో. "నా పెనిమిటి ఇంటికి రావాలె. నీ కాల్మొక్త."

ఆరు నెలల్లో దాన్ని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు దానికే మొక్కుతోంది.

జిమ్మీ పెద్దగా తేన్చింది. ఇంకోసారి తేన్చింది. తోక ఆడించి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. రూప్లికి ఏడుపొచ్చింది. కదిలితే ఎక్కడ కక్కుతుందోనని కళ్లు కూడా తుడుచుకోలేదు.

"అరగంటైంది" లోపలినుంచి బసవపున్నయ్య గొంతు వినిపించింది. "చెంచురామయ్య లేడుగా. గిన్నె నువ్వే లోపలికి పట్రా."

ఆ గడప దాటడం ఆమెకు అదే మొదలు. మిట్టమధ్యాహ్నం ఇల్లంతా చీకటిగా ఉంది. ఆ ఒక్క కిటికీ తప్ప అన్నిటికీ గడియలు బిగించి ఉన్నాయి. బల్ల మీద వకీలు రాసి పంపిన రాజీ కాగితం, దాని మీద కలం కనిపించాయి. బల్ల ముందు కూర్చున్న బసవపున్నయ్య దగ్గరనుంచి చూస్తే సగానికి సగం చిక్కిపోయాడు.

"మాటంటే మాటే. నా భోజనం కాగానే సంతకం పెడతా" అన్నాడు.

రూప్లి ప్రాణం లేచొచ్చింది. గిన్నె ఎక్కడ దించాలో తెలియక చుట్టూ చూసింది.

"జిమ్మీ సాయంత్రం కూడు ఏడ పెట్టాలె దొరా?"

బసవపున్నయ్య పళ్లెం ముందుకు జరుపుకుని, "అది తిని అరగంటైనా చావలేదుగా, ఇక నాకు వడ్డించు" అన్నాడు.