పూడుకునే తూము

తెరచాప పడవలు మళ్ళీ సముద్రం నిండా తిరుగుతున్న రోజులవి. పడవ కోసం ఇప్పుడెవరూ చెక్క కోయరు, పడవ ఆకారంలోనే పెంచుతారు. పగులొస్తే రాత్రికి రాత్రే దానంతటదే మానిపోతుంది.

జాలరి దానయ్యకొచ్చిన చిక్కూ అదే. పడవను ఒడ్డుకు లాగాక, అడుగున చేరిన వాననీళ్ళు పోవడానికి బొటనవేలంత తూము ఉండాలి. అతను రోజూ బరమాతో తూము తొలుస్తాడు. తెల్లారేసరికి పడవ దాన్ని చిల్లి అనుకుని పూడ్చేసుకుంటుంది. ఇనుప బిరడా బిగిస్తే ఉమ్మేసింది. ఇప్పటికి పదహారు రోజులు. పాత చెక్క పడవల కన్నాలు పూడ్చడం తెలిసిన చేతులే గాని, పూడకుండా కాపాడటం అతనికెవరూ నేర్పలేదు. నిలవనీళ్ళకు తెరచాప కొయ్య మొదలు మెత్తబడుతోంది. వారంలో వేటకు పోవాలి.

"దీన్ని బాగుసెయ్యాలంటే సెడగొట్టాలేటే? నాకేటీ బోధపడ్డంలేదు," అన్నాడు భార్య కొర్లమ్మతో.

ఆమె తూములో వేలు పెట్టి చూసింది. పచ్చి వేపపుల్ల చెక్కి, ఆముదంలో ముంచి అందులో గుచ్చింది. చుట్టూ పసుపు అద్దింది.

"పిల్లలకి సెవులు కుట్టినప్పుడు ఏటి సేత్తాం? ఇదీ అంతే."

మూడోనాడు పుల్ల లాగితే తూము తెరిచే ఉంది. నీళ్ళు బుడబుడా పోతున్నాయి. దానయ్య మాత్రం చేతిలోని బరమా వంక చూస్తూ ఇసకలో కూలబడ్డాడు.

"అయితే ఇన్నాళ్ళూ దీనికి నొప్పెట్టిందంటావా?"

కొర్లమ్మ చెవిదుద్దు సర్దుకుంది. "ఏమో మరి. నా సెవులు కుట్టినప్పుడు నన్నెవులడిగినారు?"