పై గదిలో చీకటి

సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది. కింద ఇన్వర్టర్ అందుకుంది.

పై గది ఆ రోజు కూడా చీకటిగానే ఉంది.

లక్ష్మీనర్సయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని పైకే చూస్తున్నాడు. సూర్యాపేటలో ఆ ఏడాది కరెంటు కోతలు రోజుకు ఎనిమిది గంటలు.

సొంతూరు మోతెలో గొర్రెలన్నీ అమ్మి ఇక్కడ ఇల్లు కొన్నది భార్య కొమురమ్మ కోసం. ఆమెకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. అది ఆగితే పావుగంటలో పెదాలు నీలమవుతాయి.

కోతల్లో ఆ మిషనును నడిపేది ఇన్వర్టరే. అందుకే లక్ష్మీనర్సయ్య రోజూ పొద్దున్నే దానికి బొట్టు పెట్టి దండం పెట్టేవాడు.

పై గదిలో కిరాయికి ఉన్నవాడు యుగంధర్. కోదాడ మనిషి. కంప్యూటర్లు బాగుచేస్తాడు. వచ్చిన వారంలోనే గోడంత టీవీ తెచ్చాడు, మేడ మీద రెండు సోలార్ ప్లేట్లు బిగించాడు.

నోరు మాత్రం ఊరుకోదు. కేబులు వాడు వేసిందే చూడటం ఏం ఖర్మ అనేవాడు. ఇంత ఎండను పోనిచ్చి బొగ్గు కాలుస్తున్నామని వాపోయేవాడు. ప్రభుత్వం మూయించిన ఇంటర్నెట్ సైట్ల మాట వస్తే మెడ నరాలు ఉబ్బేవి. ఏది చదవాలో తనే తేల్చుకుంటాడట, మధ్యలో వాళ్లెవరట.

ఒకసారి ఇన్వర్టర్ మీద కూడా పాఠం మొదలుపెట్టాడు. "బ్యాటరీ పాతదైపోయింది బాబాయ్ గారూ. నా సోలార్‌కి కలుపుతాను."

లక్ష్మీనర్సయ్యకు తల కొట్టేసినట్టయింది.

"ఇంటాయన కిరాయిదారుకు కరెంటిస్తడు. కిరాయిదారు ఇంటాయనకిచ్చుడు యాడనన్న ఉన్నదా? దాన్ని ముట్టకు."

యుగంధర్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇన్వర్టర్ కూడా ఎన్నడూ మొరాయించలేదు. ఎదురింటి పాండుకు దాని గొప్ప చెప్పుకోవడం లక్ష్మీనర్సయ్యకు రోజూ ఉన్న పనే.

ఆ సాయంత్రం పాండు వచ్చి పక్కన కూర్చున్నాడు. పై గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

"సోలార్ పెట్టుకున్నోడు చీకట్ల గూసుండి ఏం జేస్తడన్నా?"

హైదరాబాద్‌లో బాంబులు పేలి నెల కూడా కాలేదు. వైర్లు, డబ్బాలు, సర్కారు మూసిన సైట్లు. పాండు ఒక్కొక్కటే గుర్తుచేసి వెళ్లిపోయాడు. లక్ష్మీనర్సయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారగానే మేడెక్కాడు. "ఇయ్యాలే ఖాళీ చెయ్యి. నాకు పరేషాన్ వద్దు."

యుగంధర్ బిత్తరపోయాడు. "పోతాను బాబాయ్ గారూ. కానీ ఒక్క మాట వినండి, మీ ఇన్వర్టర్..."

"నీ మాటలు శానా ఇన్న. నోరు తెరిస్తే పోలీసోళ్లను పిలుస్త."

కింద మిషను చప్పుడు వినిపిస్తోంది. యుగంధర్ అటు చూసి నోరు మూసుకున్నాడు. టీవీ, కంప్యూటరు ఆటోకెక్కించాడు. గేటు దగ్గర మళ్లీ ఆగాడు.

"ప్లేట్లు, బ్యాటరీలు మీకే వదిలేస్తున్నాను. దయచేసి వాటిని కదిలించొద్దు."

అంత ఖరీదైనవి ఎవడైనా వదిలి పోతాడా? లక్ష్మీనర్సయ్యకు అవి బాంబులేమోననిపించింది. ఆటో సందు మలుపు తిరగ్గానే కటింగ్ ప్లేయర్ తీసుకుని పైకెక్కి, కనిపించిన వైరునల్లా కత్తిరించాడు. ఒకచోట నిప్పురవ్వ లేచింది. అది చూశాక ఇక అనుమానమే లేకపోయింది. పెద్ద గండం తప్పిందనుకుని కిందికి దిగాడు.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది.

అయిదు నిమిషాలకు కీచుమని అరిచి ఆగిపోయింది. మిషనూ ఆగింది.

కొమురమ్మ కళ్లు పెద్దవి చేసి గాలి కోసం వెతుక్కుంటోంది. లక్ష్మీనర్సయ్య ఇన్వర్టర్‌ను చరిచాడు, తిట్టాడు, ఆఖరుకు మొక్కాడు. అది ఉలకలేదు.

పాండు ఆటో తెచ్చాడు. దవాఖాన గుమ్మం దాటేసరికి ఆమె తల భర్త భుజం మీద వాలిపోయింది.

పొద్దు గూకే వేళకు డాక్టరు బయటికి వచ్చాడు. ప్రాణం దక్కింది, ఇంకో పది నిమిషాలైతే చెప్పలేకపోయేవాళ్లమన్నాడు.

మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ ఈదయ్య ఇన్వర్టర్ విప్పి చూశాడు.

"బ్యాటరీ సచ్చి మూణ్ణెల్లయితదన్నా."

"గట్లెట్లయితది? మొన్నటిదాంక మంచిగ నడిచె గద."

ఈదయ్య డబ్బాను ముందుకు జరిపాడు. డబ్బా వెనక గోడకు ఆనించి, గోడ రంగే పూసిన ఒక వైరు దొరికింది. దాన్ని పట్టుకుని మెట్లెక్కాడు. లక్ష్మీనర్సయ్య వెనకే వెళ్లాడు.

వైరు పై గదిలోని రెండు బ్యాటరీల దగ్గర, కత్తిరించిన చోట ఆగింది. ఆ బ్యాటరీల నుంచి గది లైటుకు, టీవీకి పోయే వైర్లు ఎప్పుడో ఊడదీసి ఉన్నాయి. కొసలకు చుట్టిన టేపు మీద దుమ్ము పేరుకుంది.

ఈదయ్య ఆ దుమ్ము తుడిచి, లక్ష్మీనర్సయ్య ముఖంలోకి చూడకుండానే అన్నాడు.

"తనకు ఒక్క బుడ్డి లైటు గూడ ఉంచుకోలేదన్నా. ఉన్న కరెంటంత వదినె మిషనుకే ఇచ్చిండు."