మూలన ఉన్న టీవీ

"ఆ మూడోది ఇంకొక్కసారి పెడతారా?"

సేల్స్‌మన్‌కు ఒళ్ళు మండింది.

ఆ మనిషి వచ్చింది పదకొండింటికి. సంచిలోంచి సొంత గేమ్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని ఒక్కో టీవీకి తగిలించమంటాడు. బటన్ నొక్కి, తెర మీద కారు ఎప్పుడు తిరుగుతుందా అని కళ్ళు చికిలించి చూస్తాడు. పెదవి విరుస్తాడు. మళ్ళీ మొదటికి వస్తాడు.

ఒంటిగంట దాటింది. సేల్స్‌మన్ అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"సార్, ఇంతకీ మీకు ఆటలకా, సినిమాలకా?"

"రెండింటికీనండీ."

"సినిమాకి నలుపు నల్లగా కనబడాలి. ఆటకి నొక్కీ నొక్కగానే కదలాలి. రెండూ కుదిరేవి తక్కువ."

"అయితే నాకు రెండోదే ముఖ్యం. రెప్పపాటు కూడా ఆలస్యం కాకూడదు."

పక్కన వాషింగ్ మెషీన్లు అమ్మేవాడు కిసుక్కున నవ్వాడు. "గురూ, ఈయన టీవీ కొంటున్నాడా, అల్లుణ్ణి ఎంచుకుంటున్నాడా?"

అంతలో ఆ మనిషి నేరుగా యజమాని అద్దాల గదిలోకి వెళ్ళాడు. ఇటు వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెప్పాడు. యజమాని కూడా ఇటే చూశాడు.

తన మీద ఫిర్యాదే అనుకున్నాడు సేల్స్‌మన్.

"ఇంకొక్క ఫిర్యాదు వస్తే నీ ఆదివారం సెలవు ఉండదు," అని యజమాని పోయిన వారమే అన్నాడు.

సేల్స్‌మన్‌కు కూతురు దొరికేది ఆదివారం నాలుగింటికే. ఎనిమిదేళ్ళది. విడాకులయ్యాక తల్లితోనూ, ఆమె కట్టుకున్న కొత్త మనిషితోనూ ఊరి అవతలి కొసన ఉంటోంది. ఆ ఒక్క గంటా తండ్రీకూతుళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కార్ల పందెం ఆడుకుంటారు.

దానికీ తల్లి గీత గీసింది. "ఈ మధ్య ప్రతి వారం ఓడిపోయి ఏడుస్తోంది. ఇంకొక్కసారి ఏడ్చిందా, ఆట బంద్."

తన చోట కూర్చున్న ఆ కొత్త మనిషి మొహం అతను ఇంతవరకు చూడలేదు. చూసిన రోజున ఏం చెయ్యాలో మాత్రం వందసార్లు అనుకున్నాడు.

ఇవాళ ఆ కసి తీర్చుకోవడానికి ఇంకొకడు దొరికాడు.

ఆ మనిషి గడియారం చూసుకుంటూ వచ్చాడు. "డ్యూటీకి టైమైపోయింది. మీ పిల్లలకైతే ఏది తీసుకుంటారో నాకూ అదే ఇవ్వండి. మీ మాటే నా మాట."

ఆ మనిషికి కావలసిన టీవీ, నొక్కగానే కదిలేది, మూలన ఉంది. ఇంకా పెట్టి చూపించలేదు.

ఎదురుగా ఇంకొకటి ఉంది. బొమ్మ కళ్ళు చెదిరేలా ఉంటుంది. కానీ బటన్ నొక్కాక ఒక ఊపిరి తీసుకుని గానీ కదలదు.

సేల్స్‌మన్ చల్లగా నవ్వాడు. "మా పాపకైతే ఇదే కొంటాను సార్. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి."

"అయితే ఇంకేం!"

ఆ మనిషి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. వదలడానికి కాస్త ఆలస్యం చేశాడు.

టీవీ పెట్టె బండి ఎక్కుతుంటే సేల్స్‌మన్ గుమ్మంలో నిలబడి చూశాడు. 'పో. నామీద చాడీలు చెప్పావుగా. ఇక నొక్కుకుంటూ కూర్చో,' అనుకున్నాడు.

ఆ పూట చల్లారిన అన్నం కూడా రుచిగానే ఉంది.

శనివారం యజమాని పిలిచాడు.

"ఏమోయ్, మొన్న ఆ రెండు గంటల కస్టమరు నీ గురించి ఏం చెప్పాడో తెలుసా?"

"ఏం చెప్పాడు సార్?"

"ఇంత ఓపికున్న మనిషిని చూడలేదు, బాగా చూసుకోండి అన్నాడు. నీకేమైనా చుట్టమా?"

సేల్స్‌మన్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఫోన్ చేసి టీవీ మార్చి ఇద్దామనుకున్నాడు. ఎల్లుండి చూద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు నాలుగింటికి పందెం మొదలైంది. కూతురి కారు మొదటి మలుపులోనే గోడకు గుద్దుకుంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"నేను ముందే నొక్కుతున్నా నాన్నా! అదే తర్వాత తిరుగుతోంది!"

అతని చెయ్యి ఆగిపోయింది.

పాప వెక్కిళ్ళు మొదలయ్యాయి. వెనక నుంచి తల్లి గొంతు వినబడింది. "చెప్పానా లేదా? ఇదే ఆఖరు. పీకెయ్ ఆ తీగ."

"ఒక్క నిమిషం అమ్మా!"

"పాపా," అన్నాడతను. "ఆ టీవీ... ఎక్కడిది?"

"నీ షాపుదే నాన్నా! మనిద్దరం ఆడుకునేది నువ్వు ఎంచిందే అయ్యుండాలని అంకుల్ రెండు బస్సులు మారి నీ దగ్గరికే వచ్చాడు, నువ్వు నొచ్చుకుంటావని నీకు మాత్రం చెప్పొద్దన్నాడు."