హంస మీద కమాను

అనంతగిరి దాటాక టీ బడ్డీ దగ్గర సర్వేశ్వరరావు కొత్త హంస కారుని ఆపాడు.

ఆపీ ఆపకముందే జనం మూగారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. అరకు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు సంగతి మరిచి కారు చుట్టూ తిరిగారు.

సర్వేశ్వరరావుకి మాత్రం ఆ కారంటే ఒళ్ళుమంట.

అతనికి విశాఖలో కలప అడితి ఉంది. ఇంట్లో పాత ఎర్ర హంస ఉంది. పెళ్ళికి ముందు కొన్నది. ఆదివారం దాన్ని తనే కడుగుతాడు, ఇంకొకర్ని చెయ్యి వేయనివ్వడు. ఊళ్ళో హంస అభిమానుల సంఘానికి అధ్యక్షుడు కూడా అతనే.

కంపెనీ ఆ బండి తయారీ ఆపేసి చాలాకాలమైంది. ఇప్పుడు, 2003లో, దాన్ని కొత్తగా తీర్చిదిద్ది మళ్ళీ తెస్తోంది. అమ్మకానికి పెట్టే ముందు అభిమానుల మాట వినాలని ఒక బండిని సంఘం చేతికిచ్చింది. సభ్యులంతా పొద్దున్నే రైలెక్కి అరకు వెళ్ళిపోయారు. ఘాట్ మీద బండి నడిపి తేవడం అధ్యక్షుడి వంతు.

నడిపాడు. ఇంజనుకి వంక పెట్టలేకపోయాడు. మలుపుల్లో చక్రం రోడ్డుని వదల్లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు.

సీట్ల వెనక, తలకన్నా ఎత్తుగా, లావుపాటి ఇనప కమాను ఉంది. నీటి మీద జారిపోతున్నట్టుండే హంస వీపు మీద ఎవరో కాడి మోపినట్టుంది.

జనంలోంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. పేరు అప్పలనర్సమ్మట. దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుందట. ఒక్కపాలి ఎక్కి కూర్చుంటానని అడిగింది.

సరదా పడుతోంది కాబోలనుకుని తలుపు తీశాడు.

ఆవిడ స్టీరింగు వంక చూడలేదు. కూర్చుని, చెయ్యి వెనక్కి చాపి కమానుని పట్టుకుంది. బలంగా ఊపి చూసింది.

"గట్టిదేనా బాబూ?"

"గట్టిదే. అదే కదమ్మా మా ఏడుపు. బండి అందమంతా చెడగొట్టింది. తీయించేస్తాం."

ఆవిడ చెయ్యి తీయలేదు.

"ఉండనీండి బాబూ. బండి తిరగబడితే ఏటవుతాది?"

"నడపడం వచ్చినోడు ఎందుకు తిరగబెడతాడమ్మా?" అని నవ్వాడు.

"వొచ్చినోలికీ తిరగబడతాది బాబూ," అందావిడ మెల్లగా.

బస్సొచ్చింది. దిగి వెళ్తూ కూడా ఆ మాటే చెప్పింది, ఉండనీండని. సర్వేశ్వరరావుకి చిరాకేసింది. స్టీరింగు పట్టుకోవడం ఎరగనివాళ్ళు కూడా సలహా చెప్పేవాళ్ళే అనుకుంటూ బండి తీశాడు.

అరకులో సంఘం భోజనాలు మానేసి వాదించుకుంది. గుండ్రటి దీపాలు పోయి పిల్లికళ్ళు వచ్చాయని ఒకరన్నారు. హారను స్కూటరు హారనులా ఉందని ఇంకొకరు. ఆకుపచ్చ రంగు బాగుందన్న కుర్రాణ్ణి నలుగురూ కలిసి కూర్చోబెట్టారు. కమాను మాట వచ్చేసరికి అందరిదీ ఒకే గొంతు. ఉంటే పోయేదేముందన్న మనిషి భాను ఒక్కతే. ఆమెకి సొంతంగా హంస లేదు కనక ఆ మాట లెక్కలోకి రాలేదు.

కంపెనీ తరఫున విశాఖ షోరూము నుంచి వచ్చిన అజయ్ అన్నీ విన్నాడు. కమాను సంగతి పూణే ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పుకోవడం కష్టమని చెప్పాడు.

"ఒప్పుకునేదాకా వదలను," అన్నాడు సర్వేశ్వరరావు.

అన్నంత పనీ చేశాడు. అడితి తమ్ముడికి అప్పగించి బెంగుళూరు వెళ్ళాడు, బొంబాయి వెళ్ళాడు. అక్కడి సంఘాలని కూడగట్టాడు. కమాను ఉన్నంతకాలం తమలో ఒక్కరూ కొత్త హంస కొనరని అందరిచేతా అనిపించాడు. పూణే వెళ్ళి పెద్దలతో ముఖాముఖీ పోట్లాడాడు. చట్టంలో లేనిదాన్ని మా నెత్తిన ఎందుకు పెడతారని నిలదీశాడు.

వానాకాలం వెళ్ళేసరికి కంపెనీ దిగొచ్చింది. కమాను లేని హంస బొమ్మ పేపర్లో పడింది. నున్నటి వీపు, ఒంపు తిరిగిన తోక. సర్వేశ్వరరావు సంఘమంతటికీ ఇంట్లో విందు చేశాడు.

వారం తిరక్కుండా అజయ్ ఫోన్ చేశాడు. సర్వేశ్వరరావుని ఒకసారి పూణే రమ్మంటున్నారట. మన వైపు మనిషి ఒకావిడ ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుందట. ఆ బొమ్మ పడ్డ పేపరు ముక్క పట్టుకుని వచ్చిందట. ఆవిడ భాష అక్కడ ఎవరికీ తెలీదు, లేవమంటే లేవడం లేదు. కమాను పెడితేనే లేస్తానంటోందని మాత్రం అర్థమైందట.

"ఎవరడ్డొచ్చినా మనం వెనక్కి తగ్గేది లేదు," అన్నాడు సర్వేశ్వరరావు. "ఇంతకీ ఎవరావిడ?"

"అప్పలనర్సమ్మ అంటున్నారు సార్. అనంతగిరి నుంచట."

సర్వేశ్వరరావుకి టీ బడ్డీ దగ్గర కమానుని ఊపి చూసిన పెద్దావిడ గుర్తొచ్చింది.

"ఆవిడకెందుకయ్యా ఈ గొడవ?"

"నాకూ ఇవాళే ఫ్యాక్టరీలో పాత ఇంజనీరొకాయన చెప్పాడు సార్. మీ దగ్గరున్నలాంటి పాత హంసే, ఎస్టేటు ఓనరుది. ఆవిడ కొడుకు దానికి డ్రైవరట. ఘాట్‌లో లారీకి దారివ్వబోతే బండి తిరగబడి, కింద పడి నలిగిపోయాడట. తర్వాత ఏటా వచ్చి ఆ గేటు దగ్గరే కూర్చుని, వచ్చేపోయే ఇంజనీర్లకి కొడుకు ఫోటో చూపించి, భాష రాక తలమీద చెయ్యి అడ్డం పెట్టి చూపించేదట... ఆ కమాను పెట్టించింది ఆవిడే సార్."