మాస్టారి ‘బాగుంది’

“బాగుందమ్మా,” అన్నాడు వామన్‌రావు మాస్టారు, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

కమలకుమారికి ఒళ్లు మండింది. తను పాడుతున్న వర్ణం ఇంకా పూర్తే కాలేదు. చివరి స్వరాలు మిగిలే ఉన్నాయి. వినకుండానే బాగుందట!

ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన ఇరుకు గది. చాప మీద పేపరు ముక్క, అందులో సగం కొరికిన మిర్చి బజ్జీ. ఆ నూనె చేత్తోనే శ్రుతిపెట్టె నొక్కాడు, ఆ చేత్తోనే ఫోన్ గీకుతున్నాడు, రెండో చేత్తో పెన్ను చెవిలో తిప్పుకుంటున్నాడు. నలభై ఆరేళ్ల వయసులో, తెల్లవారకముందే లేచి వంట ముగించుకుని తను పరుగెత్తుకొస్తున్నది ఈ మనిషి దగ్గరికా? చూస్తేనే రోత పుట్టింది.

“మాస్టారూ, సంగీతం పరీక్షకి దరఖాస్తు ఇవ్వడానికి ఇవాళే ఆఖరు రోజు. మీ సంతకం కావాలి,” అంటూ వాచీ చూసుకుంది. తొమ్మిదీ నలభై. పదిన్నరకల్లా నాంపల్లి కోర్టు హాల్లో నిలబడి కేసులు పిలవాలి. ఆమె అక్కడ బెంచి క్లర్కు.

“చూద్దాంలేమ్మా. ఏంది తొందర? వచ్చే ఏడు రాయొచ్చు.”

“వారం నుంచీ ఇదే మాట. బాగుందంటారు, సంతకం మాత్రం పెట్టరు. నేను పరీక్షకి పనికొస్తానా, రానా? ఆ ఒక్క మాట నిజంగా చెప్పండి, చాలు.”

“బాగనే పాడుతున్నరు గదమ్మా,” అని బజ్జీ అందుకున్నాడు.

ఆమెకు అర్థమైపోయింది. ఈయన రెండేళ్లలో ఒక్కరోజు కూడా తన పాట వినలేదు. పెద్ద వయసులో నేర్చుకోవడానికి వచ్చినవాళ్లంటే ఈయనకి లెక్కే లేదు. ‘బాగుంది’ అని ఒక ముద్ర గుద్ది పంపించేస్తున్నాడు. ఈ రోజు తేల్చుకోవాలనిపించింది.

“మళ్లీ పాడతాను. వినండి.”

ఈసారి కావాలనే చెడగొట్టింది. రోజూ గబగబా సాగే వర్ణాన్ని సగానికి సగం వేగం తగ్గించి ఈడ్చింది. బేగం బజార్‌లో బస్తాను మెట్ల మీద లాగినట్టు, ఒక్కో స్వరాన్నీ పట్టుకుని సాగదీసింది. కోర్టుకు ఆలస్యమైతే అవనీ అనుకుని వాచీ వైపు కూడా చూడలేదు.

మాస్టారు ఫోన్ పక్కన పెట్టాడు. బజ్జీ మరిచిపోయాడు. కళ్లు మూసుకుని, నూనె చేత్తోనే తొడ మీద తాళం వేయసాగాడు. ఎంత నటన! అనుకుంది కమలకుమారి. అయినా పళ్లబిగువున చివరిదాకా అలాగే ఈడ్చి పాడింది.

పాట ఆగాక మాస్టారు ఈసారి ‘బాగుంది’ అనలేదు. దరఖాస్తు లాక్కుని, చెవిలో తిప్పుకున్న ఆ పెన్నుతోనే సంతకం గీకేశాడు. కాగితం అంచున నూనె మరక పడింది.

“ఛీ!” ఆమె లేచి నిలబడింది. “సిగ్గుగా లేదండీ మీకు? సరిగ్గా పాడినన్నాళ్లూ పెట్టని సంతకం, చెడగొట్టి పాడితే పెడతారా? మీరు వింటున్నారో లేదో చూద్దామనే తాళం ఈడ్చి పాడాను. అసలు మీకు సంగీతం వచ్చా?”

మాస్టారు తెల్లబోయాడు.

“ఈడ్చిన్రా? గదే దాని నడకమ్మా. మొదటి నెలంత ‘జర ఆగుండ్రి, జర ఆగుండ్రి’ అని మొత్తుకున్న. మీరు గడియారం చూస్కుంట తల ఊపిన్రు. ఇగ నాకు బాగుందనుడే మిగిలింది.”

దరఖాస్తు ఆమె చేతిలో పెట్టాడు.

“రెండేండ్ల సంది గీడ కూసొని కోర్టుల కేసులు పిలిచినట్టు పిలుస్తున్నరు. వర్ణం పాడింది ఇయ్యాలనే.”