గోడ మీది సందు

"ఎండకైతే రేకుల మీద తెల్ల పెయింటు చాలమ్మా. సప్పుడు గూడ ఆగాలంటే లోపల సీలింగు కొట్టి, మీద ఈ ఉన్ని పరవాలె" అన్నాడు ఆత్మారాం సేటు, పరుపు ముక్కలాంటిదొకటి తెచ్చి దుకాణం బల్ల మీద పెడుతూ.

రేణుకమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"పెయింటే ఎయ్యుండ్రి. సప్పుడు ఏంజేస్తది? మనుషులను తింటదా?"

తోటికోడలు సవిత నవ్వింది. "రేకుల మీద కోతులు దునుకుతుంటే మన బిడ్డ శృతి సదువు ఆగమైతుందక్కా. వాన పడితే ఎవ్వలి మాట ఎవ్వలికి ఇనవడది."

"గట్లయితే మీదంగ చెరుకాకు పరువుండ్రి. మా అమ్మగారింట్ల గదే ఏస్తుండె. సల్లగ ఉంటుండె."

"నిప్పురవ్వ పడ్డదంటే ఇల్లే గాయబ్, వదినా" అని మరిది సురేందర్ ఆ ముచ్చట అక్కడికి తెంపేశాడు. వేలు మాత్రం ఉన్ని వైపే చూపించాడు.

ఎండ వంక పెట్టుకుని వాళ్లు మూస్తున్నది ఏమిటో రేణుకమ్మకు తెలుసు.

బోధన్‌లోని ఆ ఇల్లు మామ కట్టించింది. కొడుకులిద్దరూ వేరుపడిన రోజు నడుమ గోడ లేపించాడు గానీ, దూలం దాకానే. ఆ పైన సందు అట్లాగే వదిలేశాడు. "పొయ్యి పంచుకోండ్రి, వాకిలి పంచుకోండ్రి. కప్పు మాత్రం పంచొద్దు" అన్నాడు. ఆయన పోయాడు. తర్వాత రేణుకమ్మ పెనిమిటీ పోయాడు. పిల్లల్లేరు. ఒళ్లో చాట, చాటలో బీడీల తునికాకు, తల మీద ఆ సందు. ఆమె సంసారం అంతే.

ఆ సందులోంచి అన్నీ వచ్చేవి. కుక్కర్ కూతలు, శృతి పాఠాలు, మొగుడూ పెళ్లాల చిటపటలు, సవిత పైకి చదివి చెబుతుంటే సురేందర్ నొక్కే ఫోన్ నంబర్లు, చివరికి పోపు వాసన కూడా. రేణుకమ్మ బీడీలు చుడుతూనే ఇటునుంచి జవాబిచ్చేది.

"పప్పు మాడుతుంది సూడు, సవితా!"

అటునుంచి గరిటె చప్పుడు, ఆ వెంటే నవ్వు. అటు నవ్వితే ఇటు కడుపు నిండేది.

అందుకే వాళ్లు నిజామాబాద్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు అన్నం సహించలేదు. రేకుల కింద ఉడికిపోతున్నామన్నది వాళ్ల గోడు. ఎవరూ కాదనలేని గోడే. కానీ వాళ్లు పోతే సందుకు అవతల చీకటి తప్ప ఏముంటుంది?

దేవుడి దయో ఏమో, ఏ బేరమూ తెగలేదు. కంఠేశ్వర్‌లో ఇల్లు అంతా కుదిరింది అనుకునేసరికి ఇంటాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆర్మూర్ రోడ్డులో బయానా ఇవ్వబోతే గేటు కూడా తీయలేదు. ఆ తర్వాత చూసిన ఇంటిదీ అదే కథ. ప్రతిసారీ సవిత వచ్చి రేణుకమ్మ భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ప్రతిసారీ రేణుకమ్మ చాయ్ పెట్టిచ్చి, "మనకు రాసి లేదనుకో, బిడ్డా" అని ఓదార్చింది.

చివరికి సురేందర్ విసిగిపోయాడు. "ఇగ ఏ ఇల్లూ వద్దు. ఉన్నదాన్నే సల్లగ జేసుకుందం" అన్నాడు. ఆ మాట సందులోంచి చెవిన పడిన పూటే రేణుకమ్మ పోయి పోశమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఆ కొబ్బరికాయ ఇప్పుడు తిరిగొచ్చి ఆమె నెత్తినే పడింది.

మేస్త్రీలు వచ్చారు. అవతల సీలింగుకు ఒక్కో పలకా బిగుస్తుంటే ఇవతల ఒక్కో గొంతూ సన్నబడింది. చివరి పలక ఎక్కేటప్పుడు శృతి "పెద్దమ్మా..." అని ఏదో అంటోంది. మాట సగంలో తెగిపోయింది.

రేణుకమ్మ చాట పక్కన పెట్టి, విసవిసా వాకిలి దాటి వెళ్లింది.

"ఎంత పనిజేస్తివే, సవితా! నేనేమన్న పరాయిదాన్నా? నా చెవులకు భయపడి కప్పు మూస్తివా? మామ మాటను మట్టిల కలిపితివి గదనే! నమ్మి నీ మొకం సూసుకుంట బతికిన. ఇట్ల గొంతు కోస్తవనుకోలే!"

ఆమె కళ్లు నిండిపోయాయి.

సవిత బిత్తరపోయింది. తర్వాత దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకు భయపడుడేందక్కా? కోతులకూ ఎండకూ ఓర్వలేక ఏసుకున్నం. నిన్ను ఇడిసేటోళ్లమైతే ఇండ్లు అట్లెందుకు సూస్తం? సూసిన ప్రతి ఇంట్ల నీకొక అర్ర సూసినం. కిటికీ ఉన్నదే కావాలన్నడు మీ మరిది. బీడీలు సుట్టేటప్పుడు ఎల్తురుండాలెనట."

రేణుకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మరి... నాకెన్నడు ఇనవడలే?"

"ఇంట్ల మాట్లాడితే సందుల నుంచి నీకు ఇనవడ్తది గదా. ఇల్లు కుదిరినంక నిన్ను ఆటోల ఎక్కించుకపోయి సూపెట్టాలని, ఆ ముచ్చట వాకిట్లనే మాట్లాడుకున్నం. మన నసీబుల లేకపాయె."

రేణుకమ్మ తన అర్రలోకి వచ్చి, తలుపు దగ్గరికేసి, చాట కింద ఉన్న ఫోన్ తీసి, "సురేందర్‌కు ఇల్లు అమ్మకుండ్రి, కోర్టు కేసులల్ల ఉన్నడు" అని తాను చెప్పిన మూడిళ్ల వాళ్ల నంబర్లనూ ఒక్కొక్కటే చెరిపేసింది.